1960 నాష్‌విల్ లంచ్ కౌంటర్ల ఉద్యమం: విద్యార్థుల అహింసా పోరాటం ఎలా పనిచేసింది?

మీ కళాశాలలో జరగబోయే చర్చ కోసం మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి విద్యార్థులు దుకాణాల్లోని లంచ్ కౌంటర్ల (కూర్చొని తినే భోజన బల్లల) ముందు కూర్చున్నంత మాత్రాన వర్ణవివక్ష ఎలా సడలింది, కొట్టినవారిని తిరిగి కొట్టకపోవడం బలహీనత కాదా, పేరున్న నాయకులూ న్యాయవాదులూ ఉండగా చదువుకునే పిల్లలే ఎందుకు ముందుకు రావలసి వచ్చింది? కళాశాలలో అమెరికా చరిత్ర బోధించినంత కాలం ఈ ప్రశ్నలను నేను తరగతి గదిలో వింటూనే ఉన్నాను. వీటికి విడివిడిగా జవాబు చెప్పడం కంటే టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లో జరిగినదాన్ని మొదటి నుంచి చెప్పడం మేలనుకుంటున్నాను. అక్కడి విద్యార్థులు నెలల తరబడి సాధన చేసి, ఎవరి మీద ఏ ఒత్తిడి పనిచేస్తుందో లెక్క వేసుకొని, జైలుకు వెళ్లడానికి కూడా సిద్ధపడి వెళ్లి కూర్చున్నారు. ఆ సిద్ధపాటును పక్కన పెడితే తక్కినదంతా ఏదో అద్భుతంలా కనిపిస్తుంది.

ఈ చరిత్రను సాధారణంగా గ్రీన్స్‌బరోతో మొదలుపెడతారు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని ఆ పట్టణంలో ఎజెల్ బ్లెయిర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్ అనే నలుగురు మొదటి సంవత్సరం విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణంలో చిన్న చిన్న సామాన్లు కొని, అక్కడి లంచ్ కౌంటర్ దగ్గర కూర్చొని కాఫీ అడిగారు. ఇవ్వలేదు, దుకాణం మూసేవరకు వారు లేవలేదు. మర్నాడు మరికొందరు వచ్చి కూర్చున్నారు, ఆ నెలలోనే ఈ బైఠాయింపులు దక్షిణాదిలో ఎన్నో పట్టణాలకు పాకాయి. ఆ నలుగురి ధైర్యానికి దక్కిన గౌరవం న్యాయమైనదే. అయితే అప్పటికి కొన్ని నెలల ముందు నుంచే నాష్‌విల్‌లో ఒక చర్చి కింది గదిలో ఇదే పనికి శిక్షణ సాగుతోంది. గ్రీన్స్‌బరో వార్త చేరేనాటికి అక్కడ పదుల సంఖ్యలో యువతీయువకులు తయారుగా ఉన్నారు.

ఆ శిక్షణ ఇచ్చినవారు జేమ్స్ లాసన్. 1928లో పుట్టి, ఒహాయోలో పెరిగిన ఈయన కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోదని నిరాకరించి ఏడాదికి పైగా జైలులో గడిపారు. తరువాత 1953లో మెథడిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చి నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో మూడేళ్లు పనిచేశారు. అక్కడి విద్యార్థులకు ఆటలు నేర్పుతూనే, సత్యాగ్రహాలను ఎలా నడిపేవారో గాంధీగారి మార్గంలో పనిచేసినవారి నుంచి తెలుసుకున్నారు. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీలో నల్లజాతివారు వివక్షకు నిరసనగా బస్సులను బహిష్కరించారన్న వార్తను ఆయన చదివింది కూడా నాగపూర్‌లోనే. స్వదేశానికి తిరిగి వెళ్లాక 1957లో ఒబర్లిన్ కళాశాలలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిసినప్పుడు, చదువు పూర్తి చేసుకొని ఎప్పటికైనా దక్షిణాదికి వస్తానని ఆయన అనగా, ఎప్పటికైనా కాదు, ఇప్పుడే రావాలని కింగ్ కోరారు. 1958లో లాసన్ నాష్‌విల్ చేరి, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు దైవశాస్త్ర విభాగంలో విద్యార్థిగా చేరారు. మన స్వాతంత్ర్యోద్యమపు అనుభవం ఒక మనిషి చేతుల మీదుగా మరో ఖండానికి చేరిన తీరుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

క్లార్క్ మెమోరియల్ మెథడిస్టు చర్చిలో ఆయన నడిపిన తరగతులకు ఫిస్క్ విశ్వవిద్యాలయం, టెనెసీ ఏ అండ్ ఐ విశ్వవిద్యాలయం, మెహారీ వైద్య కళాశాల, అమెరికన్ బాప్టిస్ట్ సెమినరీల నుంచి విద్యార్థులు వచ్చేవారు. షికాగో నుంచి ఫిస్క్‌లో చదవడానికి వచ్చిన డయాన్ నాష్, అలబామా పల్లె నుంచి వచ్చిన జాన్ లూయిస్, బెర్నార్డ్ లాఫయెట్, జేమ్స్ బెవెల్, మేరియన్ బ్యారీ వారిలో కొందరు. వీరిలో డయాన్ నాష్ గురించి ఒక మాట చెప్పాలి. అహింస పనిచేస్తుందన్న నమ్మకం మొదట తనకు లేదని, ఊరిలో వర్ణవివక్షను ఎదిరించడానికి ఏదో ఒకటి చేస్తున్నది ఆ బృందం ఒక్కటే కనుక వదలకుండా వెళ్లానని ఆమె తరువాత చెప్పారు. అహింసా ఉద్యమంలో చేరాలంటే ముందుగా సాధుస్వభావం ఉండాలని అనుకునేవారికి ఆమె ఉదాహరణను తప్పక గుర్తుచేయాలి.

దేనిని ఎదిరించాలన్నది ఆ తరగతుల్లో చర్చించి తేల్చుకున్న విషయం. బడులు, సినిమా హాళ్లు, హోటళ్లు, ఉద్యోగాలు, అన్నిచోట్లా వివక్షే ఉన్నప్పుడు లంచ్ కౌంటర్లనే ఎందుకు ఎంచుకున్నారు? నగర మధ్యంలోని పెద్ద దుకాణాల్లో నల్లజాతి స్త్రీలు బట్టలు, చెప్పులు, పిల్లల సామాన్లు కొనవచ్చు. వారి డబ్బును ఏ గుమాస్తా కాదనడు. కానీ అదే దుకాణంలో అలసిపోయిన పిల్లవాడిని కూర్చోబెట్టి ఒక శాండ్‌విచ్ తినిపించడానికి చోటు లేదు, మరుగుదొడ్డికి తీసుకువెళ్లే వీలు లేదు. ఈ బాధను ఆ సమావేశాల్లో స్త్రీలే వివరంగా చెప్పారు. లక్ష్యంగా లంచ్ కౌంటర్ ఎంత సరైనదో ఇక్కడే తెలుస్తుంది. అన్యాయం ఎవరికైనా ఒక్క చూపులో అర్థమవుతుంది. దాన్ని ఆపగల అధికారం ఆ దుకాణపు యజమాని చేతిలోనే ఉంది. ఆ యజమాని నల్లజాతి కొనుగోలుదారుల డబ్బు మీద కూడా ఆధారపడి ఉన్నాడు.

లక్ష్యం తేలిన తరువాత సాధన మొదలైంది. కుర్చీలను వరుసగా వేసి కొందరు బైఠాయించినవారిగా, కొందరు దాడిచేసే తెల్లవారిగా నటించేవారు. బూతులు తిట్టడం, ముఖం మీద సిగరెట్ పొగ వదలడం, జుట్టు పట్టి లాగడం, కుర్చీ నుంచి కిందికి తోయడం అన్నీ జరిగేవి. తోసినప్పుడు తలను చేతులతో ఎలా కాపాడుకోవాలి, పక్కవారిని ఎక్కువగా కొడుతుంటే దెబ్బలు పంచుకునేలా మధ్యలోకి ఎలా వెళ్లాలి, కొట్టేవాడి కళ్లలోకి ఎలా చూడాలి అన్నవి నేర్చుకున్నారు. కోపం ఆపుకోలేనివారెవరో ఆ గదిలోనే తేలిపోయేది. తిరిగి కొట్టకుండా ఉండలేమని అనిపించినవారు బైఠాయింపుకు వెళ్లకుండా కార్లు నడపడం, ఫోన్లు చేయడం, కరపత్రాలు సిద్ధం చేయడం వంటి పనులు చేయవచ్చు. బలహీనత గురించిన మీ ప్రశ్నకు నా జవాబులో సగం ఈ గదిలోనే ఉంది. భయంతో ఊరుకునేవాడికి శిక్షణ అక్కరలేదు. ఎదురుదెబ్బ కొట్టగల శక్తి ఉండి, ఉమ్మి మీద పడిన క్షణంలో కూడా చేతిని అదుపులో పెట్టుకోవడానికే ఇంత సాధన కావాలి.

1959 నవంబరు, డిసెంబరు నెలల్లో హార్వీస్, కేన్-స్లోన్ అనే రెండు పెద్ద దుకాణాలకు చిన్న బృందాలు వెళ్లి, ఏదో ఒకటి కొని, కౌంటర్ దగ్గర కూర్చొని, వడ్డించబోమని చెప్పించుకొని, ఎందుకని మేనేజరును మర్యాదగా అడిగి తిరిగి వచ్చాయి. ఇది పరీక్ష మాత్రమే. ఎదుటివారు ఏమంటారో, ఎవరిని పిలుస్తారో తెలుసుకున్నారు. మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేశామని తరువాత నిజాయితీగా చెప్పుకునే వీలు కూడా కలిగింది. ఫిబ్రవరి రెండో వారంలో అసలు బైఠాయింపు మొదలుపెట్టే ముందు పెద్దలు కొంత వెనుకాడారు. అరెస్టులు జరిగితే బెయిలుకు చాలినంత డబ్బు లేదు, కొన్నాళ్లు ఆగుదామన్నారు. విద్యార్థులు ఆగలేదు. 1960 ఫిబ్రవరి 13న, మంచు కురిసిన ఒక శనివారం, 124 మంది క్రెస్, ఊల్‌వర్త్, మెక్‌లెల్లన్ దుకాణాల్లోకి వెళ్లి, సామాన్లు కొని, కౌంటర్ల ముందు కూర్చున్నారు. కోట్లు, టైలు, చర్చికి వేసుకునే బట్టలు, చేతుల్లో పాఠ్యపుస్తకాలు. రెండు గంటల తరువాత లేచి వెళ్లిపోయారు. ఆ తరువాతి రెండుసార్లూ సంఖ్య పెరిగింది.

ఫిబ్రవరి 27న మాత్రం దాడి జరుగుతుందని, పోలీసులు పక్కకు తప్పుకుంటారని ముందే తెలిసింది. తెలిసే వెళ్లారు. జాన్ లూయిస్, బెర్నార్డ్ లాఫయెట్ తయారుచేసిన ప్రవర్తనా నియమాల కాగితం అందరి చేతుల్లో ఉంది: కొట్టినా తిట్టినా తిరిగి కొట్టవద్దు, తిట్టవద్దు, బిగ్గరగా నవ్వవద్దు, నాయకుడు చెప్పేవరకు కుర్చీ వదలవద్దు, దుకాణం ద్వారాలకు, లోపలి దారులకు అడ్డు నిలవవద్దు, నిటారుగా, కౌంటర్ వైపే చూస్తూ కూర్చోవాలి, ఎప్పుడూ స్నేహంగా, మర్యాదగా ఉండాలి, ఏసుక్రీస్తు, మహాత్మా గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ బోధలను గుర్తుంచుకోవాలి. ఆ రోజు తెల్లజాతి యువకులు వారిని కుర్చీల నుంచి లాగి కొట్టారు. ఫిస్క్‌లో చదువుతున్న తెల్లజాతి విద్యార్థి పాల్ లాప్రాడ్ కూడా నల్లవారి పక్కన కూర్చున్నందుకు తీవ్రంగా దెబ్బలు తిన్నారు. పోలీసులు వచ్చి దెబ్బలు తిన్నవారినే, శాంతిభంగం కలిగించారన్న అభియోగంతో అరెస్టు చేశారు. ఆ రోజు 81 మంది విద్యార్థులు అరెస్టయ్యారు, దాడిచేసినవారిలో ఒక్కరూ కాలేదు. ఒక బృందాన్ని తీసుకువెళ్లగానే బయట వేచి ఉన్న మరో బృందం వచ్చి అవే కుర్చీల్లో కూర్చుంది. అరెస్టుతో బైఠాయింపు ముగుస్తుందని అనుకున్న పోలీసులకు అప్పుడు చేయగలిగింది పెద్దగా మిగలలేదు.

కోర్టులో విద్యార్థుల తరఫున జడ్ అలెగ్జాండర్ లూబీ వాదించారు. నగర కౌన్సిల్ సభ్యుడుగా ఉన్న ఈ నల్లజాతి న్యాయవాది మాట్లాడుతుండగా న్యాయమూర్తి వీపు తిప్పి కూర్చున్నారు. ఒక్కొక్కరికి 50 డాలర్ల జరిమానా పడింది. కట్టేస్తే అయిపోయేది. అప్పుడు డయాన్ నాష్ లేచి, ఈ జరిమానా కట్టడమంటే తమను అరెస్టు చేసి దోషులుగా తేల్చిన అన్యాయానికి తోడ్పడటమే అవుతుందని, కనుక జైలుకే వెళ్తామని చెప్పారు. తక్కినవారిలో చాలామంది ఆమె దారినే నడిచారు. ఊరిలో పేరున్న కళాశాలల పిల్లలను ఒక కప్పు కాఫీ అడిగినందుకు నగర పాలకవర్గం నిర్బంధంలో ఉంచి పనిచేయిస్తోందన్న వార్త దేశమంతా తెలిసింది. కొద్ది రోజుల్లోనే మేయరు బెన్ వెస్ట్ వారిని విడుదల చేయించి, ఉభయ జాతుల సభ్యులతో ఒక సంఘం వేయవలసి వచ్చింది. అదే సమయంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం లాసన్‌ను బహిష్కరించింది. దానికి నిరసనగా అక్కడి దైవశాస్త్ర ఆచార్యులలో పలువురు రాజీనామాలకు సిద్ధపడ్డారు. ఆ విశ్వవిద్యాలయమే 2006లో ఆయనకు క్షమాపణ చెప్పి, ఆచార్యుడిగా ఆహ్వానించింది.

ఏప్రిల్ మొదట్లో ఆ సంఘం ఒక రాజీ సూచించింది: కౌంటర్‌లో ఒక భాగం తెల్లవారికి మాత్రమే, మరో భాగం అందరికీ. ఎంతో కొంత దక్కిందని ఒప్పుకొని ఉంటే వివక్షకు విద్యార్థులే సంతకం పెట్టినట్టు అయ్యేది. వారు తిరస్కరించారు.

ఇక వ్యాపారం సంగతి. ప్రజల జ్ఞాపకంలో కుర్చీలో కూర్చున్న విద్యార్థి రూపమే మిగిలింది గాని, దుకాణదారులను కదిలించింది అంతకంటే ఎక్కువగా బహిష్కరణ అని నేను గట్టిగా నమ్ముతాను. ఈస్టరు పండుగకు కొత్త బట్టలు కొనడం అక్కడి నల్లజాతి కుటుంబాల్లో ఆనవాయితీ. 1960 వసంతంలో చర్చి వేదికల మీద నుంచి, ఇంటింటికీ ఫోన్ల ద్వారా ఒకే మాట పాకింది: నగర మధ్యంలో ఏమీ కొనవద్దు. నల్లజాతివారు దాదాపు పూర్తిగా మానేశారు; గొడవలకు భయపడి తెల్లజాతి కొనుగోలుదారులు కూడా తగ్గిపోయారు. పండుగ అమ్మకాల కాలంలో ఖాళీగా పడి ఉన్న దుకాణాన్ని చూస్తున్న యజమానికి వివక్ష అనేది ఆచారం కాకుండా ఖర్చుగా కనిపించడం మొదలైంది. విద్యార్థుల బైఠాయింపు లేకపోతే ఈ బహిష్కరణకు కారణం దొరికేది కాదు. పెద్దల బహిష్కరణ లేకపోతే విద్యార్థుల త్యాగానికి ఫలితం దక్కేది కాదు. అహింస ఎదుటివాడి హృదయాన్ని కరిగించి గెలుస్తుందని చెప్పేవారిని నేను గౌరవిస్తాను. కాని నాష్‌విల్‌లో కొట్టినవారి మనసులు మారేవరకు ఎవరూ వేచి ఉండలేదు. కొట్టేవారికి, దుకాణదారులకు, మేయరుకు మధ్య ప్రయోజనాల తేడాను గుర్తించి, ఆ తేడాను పెంచారు. ఒక్క విద్యార్థి తిరిగి కొట్టి ఉన్నా ఆ ముగ్గురూ మళ్లీ ఒక్కటయ్యేవారు.

ఏప్రిల్ 19 తెల్లవారుజామున లూబీ ఇంటి మీద డైనమైట్ విసిరారు. ఆయన, ఆయన భార్య ప్రాణాలతో బయటపడ్డారు. పేలుడు ధాటికి ఎదురుగా ఉన్న మెహారీ వైద్య కళాశాల కిటికీ అద్దాలు సైతం పగిలిపోయాయి. ఆ రోజే మూడు వేలకు పైగా జనం జెఫర్సన్ వీధి వెంట వరుసలుగా, మాట లేకుండా, నినాదం లేకుండా సిటీ హాలుకు నడిచారు. మెట్ల మీద మేయరు బెన్ వెస్ట్ ఎదురయ్యారు. ఉద్యమంలోని పాస్టరు సి. టి. వివియన్ చదివిన ఘాటైన ప్రకటనకు మేయరు కోపంగా స్పందించారు, వాదన వేడెక్కింది. అప్పుడు డయాన్ నాష్ రాజకీయ నాయకుడిని వదిలి మనిషిని ప్రశ్నించారు: కేవలం జాతి కారణంగా, రంగు కారణంగా ఒక మనిషి పట్ల వివక్ష చూపడం తప్పని మీరు భావిస్తున్నారా? తప్పేనని ఆయన ఒప్పుకున్నారు. అయితే లంచ్ కౌంటర్లలో వివక్ష తొలగించాలని సిఫారసు చేస్తారా అని ఆమె మళ్లీ అడిగారు. అవునన్నారు. అది దుకాణదారుల ఇష్టమని తరువాత సర్ది చెప్పుకోవడానికి ప్రయత్నించినా, మర్నాటి పత్రికలో మేయరు కౌంటర్లను అందరికీ తెరవమన్నారన్నదే పతాక శీర్షిక అయింది. లాభం కోసం తలవంచాలనుకుంటున్న దుకాణదారులకు కావలసిన రాజకీయ రక్షణ ఆ ఒక్క మాటతో దొరికింది. మే 10న ముందుగా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం నగర మధ్యంలోని ఆరు దుకాణాల్లో నల్లజాతివారు చిన్న చిన్న జట్లుగా వచ్చి కూర్చొని భోజనం చేశారు. ఆ రోజు ఎలాంటి అలజడీ జరగలేదు.

విద్యార్థులే ఎందుకు అన్న మీ మూడో ప్రశ్నకు వస్తాను. న్యాయస్థానాల మార్గం అప్పటికే ఉంది. 1954లో సుప్రీంకోర్టు బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పింది. నాష్‌విల్ ఆ తీర్పును ఏడాదికి ఒక్క తరగతి చొప్పున అమలుచేసే పథకం పెట్టుకుంది. 1957లో హాటీ కాటన్ బడి మొదటి తరగతిలో ఒక్క నల్లజాతి పాప చేరితే ఆ బడి మీద బాంబు వేశారు. ఆ లెక్కన అప్పటి విద్యార్థులకు పిల్లలు పుట్టి పెరిగేదాకా మార్పు రాదు. పెద్దల్లో చాలామందికి తెల్లజాతి యజమానుల కింద ఉద్యోగాలు, ఇంటి అప్పులు ఉన్నాయి. ఫొటోలో ముఖం కనిపిస్తే మర్నాడు పని పోతుంది. విద్యార్థికి పోవడానికి ఉద్యోగం లేదు. హాస్టల్ గదుల్లో ఒక్క రాత్రిలో వందమందిని కూడగట్టవచ్చు. అయినా వారు ఒంటరివారు కారు. చర్చిలు స్థలమిచ్చాయి, కెల్లీ మిల్లర్ స్మిత్ వంటి పాస్టర్లు అండగా నిలిచారు, సామాన్య కుటుంబాలు బెయిలుకు డబ్బు పోగుచేశాయి. ఈ యువకుల తెగువను ఏదైనా పెద్ద సంస్థకు అనుబంధంగా మార్చకూడదని గ్రహించిన వ్యక్తి, పౌరహక్కుల ఉద్యమంలో అనుభవమున్న నిర్వాహకురాలు ఎల్లా బేకర్. 1960 ఏప్రిల్‌లో రాలీ పట్టణంలోని షా విశ్వవిద్యాలయంలో విద్యార్థులను సమావేశపరచి, స్వతంత్రంగా ఉండమని ప్రోత్సహించారు. అక్కడ ఏర్పడిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘమే స్నిక్‌గా ప్రసిద్ధమైంది. దాని ఉద్దేశ ప్రకటనను రాసింది లాసన్.

తీర్పుకు, అమలుకు మధ్య దూరాన్ని విద్యార్థులు ఎలా పూడ్చారో ఆ మరుసటి ఏడాది ఇంకా స్పష్టంగా తెలిసింది. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల ప్రయాణికులకు స్టేషన్లలో కూడా వివక్ష చూపరాదని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దక్షిణాది దాన్ని లెక్కచేయలేదు. 1961 మేలో ఈ తీర్పు అమలును పరీక్షించడానికి ఫ్రీడమ్ రైడ్స్ (స్వేచ్ఛా యాత్రలు) పేరుతో బస్సుల్లో బయలుదేరిన బృందపు ఒక బస్సును అలబామాలోని ఆనిస్టన్ దగ్గర తగలబెట్టారు. మొదటి బృందం ఆగిపోగా, హింసతో ఉద్యమాన్ని ఆపవచ్చని ఎదుటివారికి రుజువు కాకూడదంటూ డయాన్ నాష్ నాష్‌విల్ విద్యార్థులను పంపారు. కొందరు వీలునామాలు రాసి బయలుదేరారు. మాంట్‌గమరీలో జాన్ లూయిస్‌ను నెత్తురు కారేలా కొట్టారు. ఆ వేసవిలో 300 మందికి పైగా మిసిసిపీలో జైళ్లకు వెళ్లాక, 1961 నవంబరు 1 నుంచి బస్సు స్టేషన్లలో జాతుల వారీ బోర్డులు తీసివేయాలన్న కేంద్ర సంస్థ ఆదేశం అమలులోకి వచ్చింది. లంచ్ కౌంటర్లు, హోటళ్లు, సినిమా హాళ్లలో వివక్షను దేశమంతటా నిషేధించిన చట్టం మీద సంతకం పడింది 1964 జూలై 2న. దానికి కొన్ని వారాల ముందు మన లోక్‌సభ సభ్యుడు రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్‌లో తెల్లవారికి మాత్రమే వడ్డించే కెఫటేరియా నుంచి వెళ్లడానికి నిరాకరించి అరెస్టయ్యారు. కనుక మీ చర్చలో భారత సంబంధం గురించి మాట్లాడేటప్పుడు లాసన్‌తో పాటు లోహియాను కూడా ప్రస్తావించండి.

ఒక విషయాన్ని దాచకుండా చర్చించమని కోరుతున్నాను. అహింస లాసన్‌కు, లూయిస్‌కు జీవన విశ్వాసం. ఎందరో ఇతర విద్యార్థులకు అది ఆ సమయానికి పనిచేసే పద్ధతి. మిసిసిపీ పల్లెల్లో ఓటర్లను నమోదు చేయించడానికి వెళ్లినవారిని చంపుతుంటే, చూస్తున్న పత్రికలు లేనిచోట ఈ పద్ధతి ఎంతవరకు కాపాడుతుందన్న ప్రశ్న న్యాయంగానే పుట్టింది. 1966లో స్నిక్ అధ్యక్ష పదవి లూయిస్ నుంచి స్టోక్లీ కార్మైకేల్‌కు మారింది, బ్లాక్ పవర్ (నల్లజాతి అధికారం) నినాదం ముందుకు వచ్చింది. నేను లాసన్ పక్షమే. అయినా మరో పక్షంవారిని ఓపిక లేనివారిగా చిత్రించడం అన్యాయం. వారిలో చాలామంది అప్పటికి ఎన్నోసార్లు జైలుకు వెళ్లి, దెబ్బలు తిన్నవారు.

మీ కళాశాల చర్చకు ఒక పని సూచిస్తాను. నేను పైన చెప్పిన ప్రవర్తనా నియమాలను బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి ఏ ప్రమాదాన్ని ఊహించి పెట్టారో మీ మిత్రులనే అడగండి. ద్వారాలకు అడ్డు నిలవవద్దన్న నియమం ఎవరి చేతిలో ఆయుధం కాకుండా ఆపుతుంది? బిగ్గరగా నవ్వితే ఎదుటివాడు ఏమనుకుంటాడు? ఆ తరువాత ఎవరైనా ముందుకు వస్తే నాలుగు కుర్చీలు వేసి, అనుమతి తీసుకొని, కొద్దిసేపు నటించి చూడండి.